కట్ట వదిలిన నీళ్లు

కట్ట కట్టిన ముప్పై ఒకటో ఏడు

103వ రోజు. సంఖ్య 57. ఎండ, తూర్పు గాలి.

ఈ పుస్తకంలో సంఖ్య, వాతావరణం తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంది. మూడేళ్లు బుద్ధిగా అలాగే రాశాను. ఇవాళ్టి నుంచి అలా రాయను. ఎవరొచ్చి ఆపుతారో చూస్తాను.

నా పేరు దయామణి. ఉప్పుమేట అనే ఈ ఊరికి కట్ట పరీక్షకురాలిని. రోజూ పొద్దున ఆరింటికి కట్టెక్కుతాను. మనిషెత్తు నుంచి ఇనప గుండు వదిలి, అది కట్ట మీద పడి ఎన్ని గీతల ఎత్తుకి ఎగిరిందో కొలబద్ద మీద చూస్తాను. అయిదు చోట్ల చూసి సగటు తీస్తాను. కట్ట మెత్తబడితే గుండు దిగబడి తక్కువ ఎగురుతుంది. గట్టిగా ఉంటే ఎక్కువ ఎగురుతుంది. ఆ అంకెని ఒక చీటీ మీద రాసి సభ గుమాస్తా ఫకీరు సాహెబుకి ఇచ్చి, బజారు బోర్డు మీద సుద్దముక్కతో వెయ్యాలి. నలభై దాటి ఉంటే ఊరు తన పని తాను చేసుకుంటుంది. నలభైకి తగ్గితే కట్ట కింద ఉన్న దిగువపేట ఖాళీ చెయ్యాలి.

మూడేళ్లుగా అంకె యాభై రెండు దగ్గరే ఉంది. ఒక గీత అటు, ఒక గీత ఇటు. పదిహేను రోజుల్లో అయిదు గీతలు పెరగడం నేనెన్నడూ చూడలేదు. బోర్డు దగ్గర జనం మాత్రం నా భుజం తట్టి, కట్ట రాయిలా అయిపోతోందని సంబరపడుతున్నారు.

రాయిలా అయ్యే కట్ట కాదు మాది. నది బురదలో నాచు జిగురు కలిపి, మంచినీళ్లతో నానబెట్టి పోతపోసిన ముద్ద. మూడు మైళ్ల పొడవు, ఇరవై అడుగుల ఎత్తు. అవతల సముద్రం, ఇవతల మేం. తుపాను కొట్టినప్పుడు వంగి మళ్లీ నిలబడాలనే దాన్ని మెత్తగా కట్టారు. మెత్తగా ఉండాల్సింది గట్టిపడుతుంటే నాకు సంతోషంగా లేదు.

109వ రోజు. సంఖ్య 61. ఎండ.

సువార్త అక్క ఇంటికెళ్లాను. దిగువపేట చివరి వరస, వాళ్ల దొడ్డిగోడ దాటితే కట్ట పాదమే. అక్క రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. రోజంతా ఉప్పునీళ్లలో నాని దాని చేతులు ఎప్పుడూ పగిలి రక్తం కారుతుంటాయి. ఇవాళ మానిపోయి ఉన్నాయి.

"ఏంటక్కా, మందు మార్చావా?"

"మందూ లేదు, మాకూ లేదు. దొడ్లోకి రా, చూపిత్తాను."

కట్ట పాదం దగ్గర నడుంలోతు గుంట తవ్వారు. అడుగున జానెడు నీళ్లు. తేటగా ఉన్నాయి. అక్క చెంబుతో ముంచి నా చేతికిచ్చింది.

"చేతులు ఈ నీళ్లతోనే కడుక్కుంటన్నాను. తాగవే. కొబ్బరినీళ్లలా ఉన్నాయి."

తాగాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. సముద్రం ఊరిని మింగాక పుట్టిన పిల్లలకి ఉప్పు తీసిన యంత్రం నీళ్లు తప్ప వేరే రుచి తెలీదు. అవైనా మనిషికి రోజుకి అర బిందె. అలాంటి ఊళ్లో దొడ్లో తియ్యనీళ్లు ఊరుతుంటే ఎవరు ఊరుకుంటారు? పాతిక రోజుల కిందట ఎవరో గునపం దింపితే చెమ్మ కనపడిందట. ఇప్పుడు పేటలో నూట ఇరవై గుంటలున్నాయి.

"దేవుడి దయే," అంది అక్క. "సముద్రం నీళ్లే అయితే ఉప్పగా ఉండాలి కదా? కట్ట వడపోసి ఇత్తందంట. ప్రెసిడెంటు గారే అన్నారు."

సముద్రం నీళ్లు ఉప్పగా ఉండాలన్న మాటే నా చెవిలో గింగురుమంటోంది. అవి సముద్రం నీళ్లు కాకపోతే, ఇంకెక్కడివి?

112వ రోజు. సంఖ్య 63. ఎండ, గాలి లేదు.

కట్ట ఉత్తరపు కొస రాతి స్తంభానికి అతుక్కుని ఉంటుంది. ఇవాళ ఆ అతుకు దగ్గర వేలిగోరు దూరేంత సందు కనపడింది. మోకాళ్ల మీద కూర్చుని మొత్తం తడిమాను. పైనుంచి కింద దాకా ఉంది.

ఇప్పుడు నాకు అర్థమైంది. ఆ తియ్యనీళ్లు ముప్పై ఒక్క ఏళ్ల కిందట కట్ట ముద్దలో కలిపిన మంచినీళ్లు. జిగురు వాటిని పట్టి ఉంచింది. గుంట తవ్వితే ఆ పక్క ఖాళీ దొరికి, కట్ట తన ఒంట్లోని నీళ్లని అటు వదులుతోంది. నీళ్లు పోయేకొద్దీ ముద్ద బిగుసుకుంటోంది. అందుకే గుండు ఎక్కువ ఎగురుతోంది. బిగుసుకున్నది కుంచించుకుపోతుంది. అందుకే స్తంభం దగ్గర సందు. చేతికి పెట్టుకున్న గోరింటాకు ఎండాక ఏమవుతుందో ప్రతి ఆడపిల్లకీ తెలుసు.

అంటే బోర్డు మీద అంకె ఎంత పెరిగితే మేం అంత చావుకి దగ్గరవుతున్నాం. నలభై కింద ఏం చెయ్యాలో రాసిపెట్టారు గానీ, పైన ఎక్కడ ఆగాలో ఎవరూ రాయలేదు. కట్ట గట్టిపడి చెడుతుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఇరవై రోజులు దాటి నా చేత్తోనే పెరిగే ఆ అంకె వేస్తున్నాను.

117వ రోజు. సంఖ్య 66. ఎండ.

కట్ట మట్టి మూడు పళ్లేల్లో నింపి, ఒక పక్క గండి పెట్టి నీళ్లు కారనిచ్చాను. చిన్న గుండుతో పూటపూటా కొలిచాను. మొదటి పళ్లెం డెబ్భై తొమ్మిది దగ్గర అంచు వదిలి అడ్డంగా పగిలింది. రెండోది ఎనభై మూడు. మూడోది ఎనభై ఒకటి. పగిలే ముందు రోజు వరకూ మూడూ నున్నగా, ముచ్చటగా ఉన్నాయి.

ఫకీరు సాహెబు చీటీ కోసం వచ్చి పళ్లేలు చూశాడు. పెద్దమనిషి, ముప్పై ఏళ్ల కొలువు. విషయమంతా చెప్పాను.

"ఆయ్. మీరు చెప్పింది నిజమే అయ్యుంటదండి," అన్నాడు. "కానీ నేను రాసుకెళ్లేది అంకె ఒక్కటేనండి. మాట రాయడానికి నా పుస్తకంలో గడి లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన్ని అనడానికి లేదు. ఈ నియమం ఊరికే పుట్టలేదు. పాత ఊరు మునుగుతున్నప్పుడు కట్ట ఎక్కడ కట్టాలో తేల్చమని ముప్పై మంది నిపుణుల్ని కూర్చోబెట్టారు. వాళ్లు నలభై రోజులు వాదించుకున్నారు. నలభై ఒకటో రోజున వాదించడానికి ఊరు లేదు. బతికి బయటపడ్డవాళ్లు ఒట్టు పెట్టుకున్నారు: ఇకమీదట నిపుణుడు అంకె చెప్పాలి, నోరు మూసుకోవాలి, నిర్ణయం జనం ఎన్నుకున్న సభది. మా అమ్మ కూడా ఆ రోజు చెయ్యెత్తి ఓటేసింది. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ వేసేదాన్నేమో.

121వ రోజు. సంఖ్య 69. ఎండ.

నెలకోసారి సభ ముందు నిలబడి అంకె చదివే రోజు. నిపుణుడు అంకె తర్వాత ఇంకో మాట మాట్లాడితే ప్రెసిడెంటు బల్ల మీద ఇత్తడి గంట కొడతారు. గంట మోగగానే కూర్చోవాలి. నా ముందు పరీక్షకుడు పద్ధెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా గంట మోగించుకోలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

"అరవై తొమ్మిది," అన్నాను. సభంతా చప్పట్లు. "ఇది మంచి అంకె కాదు."

గంట మోగింది. కూర్చోలేదు. నీళ్లెక్కడివో, సందు ఎందుకు పడిందో, పళ్లేలు ఎలా పగిలాయో గంట మోతని మించి గొంతు పెంచి చెప్పాను. ప్రెసిడెంటు సోమసుందరం గారు కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టి గంట పక్కన పెట్టారు. చెడ్డ మనిషేం కాదు. నీళ్లు దొరికాయి కదా అని రెండు ఉప్పుతీత యంత్రాల్లో ఒకటి ఆపించి, ఆ కరెంటు రొయ్యల ఐసు గదికి మళ్లించారు. ఇంకో నలభై గుంటలు తవ్విస్తామని మాటిచ్చి ఉన్నారు.

"చూడమ్మా దయామణీ. కట్ట ఏ అంకె దగ్గర తెగుతుంది?"

"తెలీదండి. పళ్లేలు ఎనభై దగ్గర పగిలాయి. కట్ట అంతకు ముందే తెగొచ్చు, తర్వాతైనా తెగొచ్చు. పళ్లెమూ కట్టా ఒకటి కాదు."

సభలో నవ్వులు. ఆయన నవ్వలేదు.

"నీకే తెలియని దాని కోసం నాలుగు వేల మంది నోళ్లు ఎండగట్టమంటావు. నా స్థానంలో నువ్వుంటే ఆ పని చేస్తావా?"

నిజాయితీగా అడిగిన ప్రశ్న. తడుముకున్నాను. నేను తడుముకున్న ఆ కాసేపటికే సభ ముగిసింది. మెట్లు దిగుతుంటే జవాబు తట్టింది: తెలియదు గనకే ఆపమంటున్నాను, తెలిసేది అది తెగాకే. మెట్లకి చెప్పి ఏం లాభం? ఒళ్లు మండిపోయింది. ఎక్కువ మండింది నా మీద నాకే.

124వ రోజు. సంఖ్య 72. ఎండ, ఉక్క.

సందులో ఇప్పుడు చిటికెన వేలు పడుతోంది.

మూడు రోజులుగా ఒక పాపిష్టి ఆలోచన నన్ను వదలడం లేదు. బోర్డు మీద ముప్పై ఎనిమిది అని వేస్తే చాలు, పేట ఖాళీ అయిపోతుంది. ఎవరూ నన్ను ప్రశ్నించరు. కానీ ఒక్కసారి అబద్ధపు అంకె వేశాక, రేపు నేను నిజం వేసినా అది అంకె కాదు, సుద్ద గీత. అబద్ధం వెయ్యను. సభ నా మాట వినకపోవడానికి మందు అబద్ధం కాదు.

పాత నియమాల పుస్తకం దుమ్ము దులిపి మొదట్నుంచీ చదివాను. పదకొండో నియమం: మధ్యాహ్నం పన్నెండు లోపు బోర్డు మీద సంఖ్య లేకపోతే కట్ట తెగినట్టే ఎంచి, దిగువపేటను ఖాళీ చెయ్యవలెను. పరీక్షకుడు జబ్బుపడితేనో చచ్చిపోతేనో అని రాసి ఉంటారు. బతికుండి, ఒంట్లో బాగుండి, అంకె చెప్పననే మనిషి ఉంటుందని వాళ్లు ఊహించినట్టు లేదు.

126వ రోజు. సంఖ్య ఉంది. చెప్పను. ఎండ.

పదకొండున్నరకి ఫకీరు సాహెబు పరుగున వచ్చాడు. పదకొండూ ముప్పావుకి ప్రెసిడెంటు గారే వచ్చారు.

"అంకె ఏది?"

"నా దగ్గరుందండి."

"ఇవ్వు."

"ఇవ్వను. నా మాట లేకుండా ఆ అంకె ఒక్కటే బోర్డెక్కితే అది అబద్ధం చెప్తుంది. రెండూ కలిపి వేయించండి, ఇప్పుడే ఇస్తాను."

"నీ పదవి పోతుంది, తెలుసా?"

"కొత్త పరీక్షకుడు పై ఊరి నుంచి రావాలంటే సభ తీర్మానం చెయ్యాలి, కబురు పోవాలి, పడవ రావాలి. కనీసం పదిహేను రోజులండి. పన్నెండు కొట్టడానికి మీకు పావుగంటే ఉంది."

ఆయన మొహం కందగడ్డలా అయింది. ఫకీరు సాహెబు నేలకేసి చూస్తున్నాడు. పన్నెండు కొట్టింది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి బోర్డు ఖాళీగా ఉంది. కట్ట కొమ్ములు ఊదారు.

నాలుగు వేల మంది బిందెలు, చాపలు, కోళ్లు, ముసలివాళ్లతో మెరక మీది బజారు షెడ్లలోకి వచ్చిపడ్డారు. నన్ను తిట్టని నోరు లేదు. అన్నిటికన్నా పెద్ద గొంతు సువార్తదే. "నా చెల్లెలని చెప్పుకోడానికి సిగ్గేత్తంది," అని అందరి ముందూ అంది. ఏడుపొచ్చింది. అయినా అక్కడే నిలబడ్డాను.

షెడ్లో అందరికీ అన్నం వండించారు. పెద్ద గంగాళంలో పెరుగు. వడ్డన మొదలవక ముందే వెళ్లి, గరిటెతో ఒక మూల లోతుగా తీసి గుంట చేశాను. వంటావిడ నా చెయ్యి పట్టుకుంది. ఇంకేం ముట్టుకోనని ఒట్టేసి, ఆ గంగాళాన్ని షెడ్డు మధ్యలోకి జరిపించి, అన్నాలు కూరతోనే కానిమ్మన్నాను. ఇంకో విడత తిట్లు తిన్నాను.

తినేవాళ్లు తిని లేచేసరికి రెండు గంటలు పట్టింది. "ఒకసారి ఇటు రండి," అని పిలిచాను. తిట్టడానికైనా వచ్చారు. పెరుగులో నేను చేసిన గుంట నిండా తేట నీళ్లు.

"ఇదేం చోద్యమే?" అంది సువార్త. "మూల తీత్తే నీళ్లూరవా? పెరుగన్నాక వదలదా?"

"ఎక్కడివక్కా ఆ నీళ్లు? నేను పోయలేదు."

"పెరుగులోవే."

"అవి తోడేసి, మళ్లీ ఊరితే మళ్లీ తోడేసి, నెల రోజులు అలాగే చేస్తే ఆ పెరుగేమవుతుంది?"

అక్క గంగాళం వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే గంగాళం దగ్గరికి జరిగారు.

"అంటే మనం కట్టని తాగేత్తన్నామా?" అంది.

127వ రోజు. సంఖ్య 73. మబ్బు.

ఇవాళ అంకె చెప్పాను. చెప్పమని ప్రెసిడెంటు గారు కాదు, పేట అడిగింది. డెబ్భై మూడు అనగానే ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పొద్దుటి నుంచి గుంటలు పూడుస్తున్నారు. కట్ట మట్టినే తడిపి, ముద్దలు చేసి, కాళ్లతో తొక్కి నింపుతున్నారు. సువార్త అందరికన్నా ముందు తన గుంట పూడ్చింది. పూడ్చే ముందు ఒక బిందె నింపుకుంది. నన్ను చూసి కూడా పలకరించలేదు. గుంటలు పూడ్చినంత మాత్రాన నా మీద కోపం పోవాలని ఏముంది? దాని చేతులు మళ్లీ పగులుతాయని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

సభ తీర్మానం కూడా ఇవాళే అయింది. ఆజ్ఞ ధిక్కరించినందుకు నన్ను తీసేశారు. కొత్త పరీక్షకుడు వచ్చే వరకు గుండు మాత్రం నేనే వెయ్యాలట. తీసేసిన మనిషి చేత పని చేయించుకోవడం సభకే చెల్లింది.

133వ రోజు. సంఖ్య 69. చిరుజల్లు.

కట్ట తాగుతోంది. వాన నీళ్లు పైన పడ్డవి పడ్డట్టే ఇంకిపోతున్నాయి. స్తంభం దగ్గర సందులో చిటికెన వేలు పట్టడం లేదు, గోరు పడుతోంది. ఇవాళ కట్ట మీద ఎవరూ లేనప్పుడు కాసేపు పడుకుని, చెంప ఆనించాను. చల్లగా ఉంది. ఇంత సంతోషం నాకీ మధ్య కలగలేదు.

బోర్డు దగ్గర మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. డెబ్భై మూడు నుంచి అరవై తొమ్మిదికి పడిపోయిందేమిటని.

అప్పుడు తెలిసింది నేను చేసిన పొరపాటు. పెరగడం ఎందుకు చెడ్డదో చెప్పాను. గుంటలు పూడ్చాక తగ్గుతుందని, తగ్గడం మంచిదని ముందే చెప్పలేదు. నాకు అది ఎంత తేలిగ్గా కనపడిందంటే, చెప్పాలన్న ధ్యాసే రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా అంకె తగ్గితే పిల్లల్ని చంకనెత్తుకోవాలని నేర్చుకున్న ఊరు ఇది.

140వ రోజు. సంఖ్య 63. ఎండ.

సభ మళ్లీ పిలిచింది. ప్రెసిడెంటు గారి చేతిలో అంకెల వరస ఉంది.

"గుంటలున్నన్నాళ్లూ కట్ట రోజురోజుకీ గట్టిపడింది. ఈవిడ పూడ్పించిన దగ్గర్నుంచీ పడిపోతోంది. డెబ్భై మూడు, అరవై తొమ్మిది, అరవై మూడు. ఇది నా మాట కాదు, ఆవిడ కొలిచిన అంకెలే." ఆయన నా వైపు తిరిగారు. "అవునా, కాదా?"

"అవునండి."

గంట. మిగతాది చెప్పనివ్వలేదు. ఈసారి నన్ను కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నారు. తీర్మానం: ఎల్లుండి పొద్దున్నే గుంటలన్నీ తిరిగి తవ్వాలి. కొత్త పరీక్షకుడి పడవ ఆ మర్నాడు వస్తుంది.

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే నా కడుపు మంట. నా అంకెలే, వరసగా పేర్చి, నా మీదికే విసిరారు. అంకె ఒక్కటే చేతికిచ్చి పంపిస్తే ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకుంటారు. నేను పరీక్షకురాలిని అయిన రోజున, మన పని కొలవడం వరకే అని నాకు నేర్పారు. ఆ పాఠం ఇవాళ్టితో చెల్లు.

141వ రోజు. సంఖ్య 62. ఎండ.

బోర్డు మీద 62 వేశాను. దాని కింద, ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ రాయని చోట, ఒక వాక్యం రాశాను.

"తగ్గడం మంచిదే. ఎందుకో అడగండి, చెప్తాను."

పావుగంటలో తడిగుడ్డతో తుడిచేశారు. మళ్లీ రాశాను. మళ్లీ తుడిచారు. సాయంత్రానికి తొమ్మిదిసార్లు అయింది. సుద్దముక్కలు నా దగ్గర రెండు డబ్బాలున్నాయి.

ఒక్కరూ అడగలేదు. చదివి, పక్కకి తిరిగి వెళ్లిపోయారు. అది మాత్రం నొప్పి పుట్టించింది.

142వ రోజు. సంఖ్య 61. తేలిక మబ్బు.

తెల్లారేసరికి దిగువపేట ఆడవాళ్లు బజారులోకి వచ్చారు. ముప్పై నలభై మంది ఉంటారు. చేతుల్లో పలుగులు, పారలు. గుంటలు తవ్వడానికి వెళ్తున్నారు. బోర్డు దాటే వెళ్లాలి. నేను అప్పుడే అంకె వేసి, కింద వాక్యం మొదలుపెట్టాను. ముందు నడుస్తున్న సువార్త ఆగింది. అది ఆగేసరికి వెనకవాళ్లూ ఆగారు.

రాసింది చదివింది. ఒకసారి నా వైపు, ఒకసారి బోర్డు వైపు చూసింది. పదహారు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"ఎందుకే?"

ఫకీరు సాహెబు బోర్డు పక్కనే ఉన్నాడు. "అమ్మగారూ," అన్నాడు మెల్లిగా, "బజార్లో నోరు విప్పితే ఊరి నుంచే పంపేత్తారండి. తీర్మానం నేనే రాశాను."

"పంపించనివ్వండి," అన్నాను.

చెప్పాను. కట్ట పోగొట్టుకున్న నీళ్లు తిరిగి తాగుతోందని, తాగేకొద్దీ తన మామూలు మెత్తదనానికి వస్తోందని, మూడేళ్లూ యాభై రెండు దగ్గరే ఉండి తుపానులన్నీ తట్టుకుందని చెప్పాను. ఇది ముందే చెప్పాల్సింది, చెప్పకపోవడం నా తప్పేనని కూడా చెప్పాను.

"యాభై రెండు దగ్గర ఆగుతాదా?" అడిగింది వెనకనుంచి ఒకావిడ.

"ఆగుతుందనుకుంటున్నాను. తెలీదు."

"తెలీదంటే?" సువార్త గొంతు లేచింది. "నలభైకి పోతే మా పిల్లల గతేంటే? ఏం చూసుకుని నిన్ను నమ్మాలి?"

ప్రెసిడెంటు గారు అడిగిన ప్రశ్నే. ఈసారి తడుముకోలేదు.

"నన్ను నమ్మొద్దు. రోజూ కొలుచుకోండి. యాభై అయిదు దగ్గర ఆగడం మొదలవ్వాలి. ఆగకుండా నలభై అయిదుకి జారిందా, నేను చెప్పింది తప్పని అర్థం. అప్పటికి మీకు ఇంకా అయిదు గీతల వ్యవధి ఉంటుంది, పిల్లల్ని తీసుకుని మెరక ఎక్కెయ్యండి. అదే గుంటలు తవ్వి కట్ట పగిలితే గీతలు ఉండవు, వ్యవధీ ఉండదు. పళ్లేల్లో చూశాను, ముందు రోజు దాకా నున్నగానే ఉంటుంది."

"నిన్ను పంపేత్తే కొలిచేదెవరే?"

"గుండు వదలడానికి చదువెందుకక్కా? చేతులుంటే చాలు. రేపు ఆరింటికి కట్ట మీదికి రండి, నేర్పిస్తాను."

సువార్త తన చేతులు చూసుకుంది. వేళ్ల మొదట్లో మళ్లీ పగుళ్లు, ఎర్రగా. పలుగు భుజం మీంచి దించింది.

"ఆ రెండో యంత్రం ఎందుకాపారో ముందు అడిగొద్దాం పదండి," అంది మిగతావాళ్లతో. "ఐసు గదికి కరెంటు, మనకి గుంటలూనా? ఆ అంకె ఎక్కడాగుతాదో మనం చూసుకున్నాకే తవ్వడం. అప్పటిదాకా ఎవరి గుంటకాడ ఎవరన్నా పలుగేత్తే నేనూరుకోను."

పలుగులు పట్టుకునే సభ వైపు నడిచారు. ఫకీరు సాహెబు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని, తుడవకుండా, వాళ్లు వెళ్లిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

143వ రోజు. మబ్బు, పడమటి గాలి.

ఆరింటికి కట్ట మీద పదిహేడు మంది ఉన్నారు. కొత్త పరీక్షకుడి పడవ దూరంగా కనపడుతోంది, ఇంకో గంటలో రేవు చేరుతుంది. అదే పడవలో నన్ను ఎక్కిస్తారట. ఆ గంట చాలు.

గుండు ఎలా పట్టుకోవాలో, విసరకుండా ఎలా వదలాలో, కొలబద్దకి కన్ను ఎంత ఎత్తులో పెట్టాలో చూపించాను. మొదటిసారి వదిలింది సువార్త. అది అరవై అంది. పక్కావిడేమో, "కాదు, అరవై ఒకటి" అంది. ఇద్దరూ నా మొహం చూశారు, తేల్చమని.

నేను తేల్చలేదు. మళ్లీ వదిలి చూసుకోమన్నాను. మళ్లీ వదిలారు.